దూడతో మాట్లాడిన ఇంగ్లీషు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను మొదటిసారి నోరు విప్పి ఇంగ్లీషు మాట్లాడింది మా ఎర్ర దూడతో.

ఈ ఏడు మార్చి చివర్లో జరిగింది. ఇప్పపువ్వు రాలే రోజులు. మా ఇంటికి రెండు ఇప్పచెట్లు ఉన్నాయి, పొలం గట్టు దాటాక. ముందురోజే చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి, నేలను నల్లగా చేసి ఉంచుతాం. తెల్లవారుజామున గంప తీసుకుని వెళ్లేసరికి ఆ నల్లటి నేల మీద లేత పసుపు పువ్వులు పరుచుకుని ఉంటాయి. ఇంకా రాలుతూనే ఉంటాయి. తల మీద, భుజం మీద, తెరిచిన పుస్తకం మీద. పశువులు రాకముందే ఏరాలి, ఏరినవాటికి కాపలా ఉండాలి. ఆ కాపలా సమయమే నా చదువు సమయం.

ఆ రోజు దూడ తాడు తెంపుకుని వచ్చింది. మామూలుగా అయితే కట్టె తీసుకుని అదిలించాలి. నేను పుస్తకంలో ఉన్నాను. చుట్టూ మనిషి లేడు. తలెత్తి, పెద్దగానే అన్నాను: "వేర్ ఆర్ యూ గోయింగ్?"

అది ఆగింది. చెవులు ముందుకు పెట్టి నన్ను చూసింది.

"హావ్ యూ ఈటెన్?" అన్నాను.

తిన్నది. మూతి నిండా పువ్వులే. నాకు ఎంత నవ్వొచ్చిందంటే, గంప ఒరిగిపోయి ఏరిన పువ్వులు సగం మళ్లీ నేలపాలయ్యాయి. దూడకు అదీ కలిసొచ్చింది.

ఎక్కడికి పోతున్నవ్, తిన్నవా. మా దగ్గర ఎవరు ఎవరికి ఎదురుపడినా ముందు అడిగేవి ఈ రెండే. మా భాష దోర్లీలో అడిగినా, తెలుగులో అడిగినా, హిందీలో అడిగినా ఇవే. బాగున్నారా అని ఎవరూ అడగరు. బాగోలేకపోతే మొహం చూస్తేనే తెలుస్తుంది కదా. అందుకే పుస్తకంలో మొదటి పాఠంలో ఉన్న "హౌ ఆర్ యూ" నా నోటికి ఎప్పుడూ అంటలేదు. ఈ రెండు ప్రశ్నలు పుస్తకంలో వేర్వేరు చోట్ల ఉంటే నేనే ఏరి ఒక చోట పెట్టుకున్నాను.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఆవపల్లి చుట్టుపక్కల ఊళ్లవాళ్లం చాలామందిమి చలికాలం వెళ్లగానే రాష్ట్రం సరిహద్దు దాటి తెలుగు జిల్లాలకు మిరపకాయలు ఏరడానికి పోతాం. మూడేళ్ల కిందట అక్కడి అంగడిలో, ప్లాస్టిక్ దువ్వెనలకూ దేవుడి పటాలకూ మధ్య, ఒక నెలలో ఇంగ్లీషు నేర్పుతానని అట్ట మీద మాటిచ్చిన పుస్తకం కనబడింది. తెలుగులో ఉంది. చిన్నప్పుడు నాలుగేళ్లు గోదావరి అవతల మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి తెలుగు చదవగలను, రాయగలను. ఆ తరువాత చదువంతా ఇక్కడ హిందీలో. డైరీ మాత్రం తెలుగులోనే రాస్తాను. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, ఎవరికీ చదవడం రాదు. డైరీకి అంతకంటే మంచి తాళం ఏముంటుంది?

మిరపకాయల మంట చేతుల్లో ఉండగానే ఆ రాత్రి మొదటి పేజీ తిప్పాను. కళ్లు నలుపుకోకూడదన్న సంగతి మరిచిపోయి నలుపుకున్నాను. ఇంగ్లీషుతో నా పరిచయం ఏడుపుతో మొదలైంది. ఆ తరువాత మాత్రం ఎప్పుడూ ఏడవలేదు.

పుస్తకంలో ముప్పై పాఠాలు. రైల్వే స్టేషన్లో, పోస్టాఫీసులో, హోటల్లో, మంగలి షాపులో. నేను ఇంతవరకూ రైలు చూడలేదు. అయినా "ద ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్" అని తడుముకోకుండా చెప్పగలను. నా మీసాలు కత్తిరించండి అని మంగలిని చాలా మర్యాదగా అడగగలను. పువ్వుల పాఠంలో గులాబీ, మల్లె, తామర ఉన్నాయి, ఇప్పపువ్వు లేదు. ఆకుల్లో తునికాకు లేదు. మేం నీళ్లు మోసుకెళ్లే సొరకాయ బుర్ర లేదు. లేనివాటికి డైరీలో పక్క పేజీ ఖాళీగా ఉంచుకున్నాను.

పుస్తకంలో లేనివి వేరే చోట్ల దొరికేవి. అవ్వ దగ్గు మందు సీసా మీద "షేక్ వెల్ బిఫోర్ యూజ్". అవ్వ అంటే మా నాయనమ్మ. ఆమెకు మందు పోసేటప్పుడు ఆ మాట మనసులో అనుకునేదాన్ని, చేత్తో అదే చేసేదాన్ని. విత్తనాల సంచి మీద చల్లని, పొడి చోట ఉంచమని రాసి ఉండేది. మే నెలలో మా ఊళ్లో అలాంటి చోటు ఎక్కడుందో ఆ సంచి మీద రాసినాయన వచ్చి చూపిస్తే మేమూ వెళ్లి కూర్చుంటాం. సబ్బు కాగితం మీద "బబుల్స్" అన్న మాట దొరికిన రోజు వాగులో బట్టలు ఉతుకుతున్నాను. ఆ మాట అనేటప్పుడు పెదవులు రెండుసార్లు కలిసి విడిపోతాయి. నీళ్ల మీద నురగ బుడగ ఒకటి బండ దాకా తేలుతూ పోయి పగిలింది. లోపల్లోపలే పదిసార్లు అనుకున్నాను. పక్కన ఉతుకుతున్న పిన్ని "ఏందే, నోట్లో ఏమన్న పెట్టుకున్నవా?" అని అడిగింది. లేదని తల ఊపాను.

అలా మూడేళ్లు. రోజుకో మాట, అది ఎక్కడ దొరికిందో పక్కన రాసుకుని. మాటలు పెరిగాయి కానీ ఒక్కటీ మనిషి ముందు బయటికి రాలేదు. నాకు తెలుగులో మాట్లాడటానికే సిగ్గు. నలుగురున్న చోట నా పేరు అడిగితే పక్కనున్నవాళ్లు చెబుతారు. దానికి తోడు నేనొక నియమం పెట్టుకున్నాను. మా ఊళ్లో మామిడికాయల పండుగ అయ్యేదాకా ఎవరూ కాయ కొరకరు. చెట్టు నిండా కాయలున్నా, పిల్లలు ఎంత ఏడ్చినా, ముందు దేవతకు పెట్టాలి. అలాగే పుస్తకం పూర్తిగా వచ్చేదాకా ఇంగ్లీషు నోట్లోంచి రాకూడదని అనుకున్నాను. ముప్పై పాఠాలు మూడుసార్లు పూర్తయ్యాయి. పండుగ మాత్రం వాయిదా పడుతూనే ఉంది. దూడకు ఈ నియమాలు తెలియవు కాబట్టి అది వచ్చి నా చేత మాట్లాడించింది.

ఆ తరువాత రోజూ మాట్లాడాను. పొద్దున్నే అది వచ్చేది, లేదా నేనే తాడు కొంచెం వదులుగా కట్టేదాన్ని. మంగలి షాపు పాఠం చెప్పాను. పోస్టాఫీసు చెప్పాను. అది నెమరేస్తూ వినేది. తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా ఒకేలా చూసేది. అంత మంచి శ్రోత నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఒకరోజు గంపతో ఇంటికి రాగానే అవ్వ పట్టుకుంది.

"ఏంది పిల్లా, పొద్దుగాల పొద్దుగాల ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"ఎవరితోని లేదవ్వా. పాట పాడుకుంటున్న."

"అదేం పాటే? రాగం లేదు, తాళం లేదు. గొంతులో ముల్లు ఇరికినట్టున్నది."

నేను పువ్వులు ఎండబోసే పనిలో పడ్డాను. అవ్వ మళ్లీ అడగలేదు.

మా చిన్నాన్న కూతురు ఆవపల్లి ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. ఆదివారాలు సైకిల్ మీద వెళ్లి చూసి వస్తాను. ఏప్రిల్ మొదట్లో వెళ్లినప్పుడు అది వంటింటి సామాన్ల బొమ్మలున్న పేజీ ముందు పెట్టుకుని దిగులుగా కూర్చుంది. మూత, గరిటె, జల్లెడ, రోలు, అన్నీ ఇంగ్లీషులో చెప్పాలట. నేను వంగి దాని చెవిలో ఒక్కొక్కటే చెప్పాను. తలెత్తేసరికి వెనక వార్డెన్ మేడం.

ఆమెది కిరండూల్ వైపు రైల్వే కుటుంబం. తాతల నాడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. ఎన్నేళ్లు ఇక్కడున్నా మాటలో ఆ తీరు పోలేదు.

"ఏటమ్మా, నీకింగ్లీషొచ్చేటి?"

"రాదు మేడం."

"రాదంటన్నావు, మరి దానికి చెవిలో చెప్పిందేటి, మంత్రమా?"

చెల్లి నన్ను నిలువునా అమ్మేసింది. "అక్కకు మస్తు వచ్చు మేడం. పుస్తకం రాస్తది."

మేడం నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. జూన్ నుంచి హాస్టల్లో పిల్లలకు సాయంత్రాలు రోజూ వాడే ఇంగ్లీషు మాటలు చెప్పడానికి ఒకరిని పెడుతున్నారట. అక్కడే ఉండాలి. వచ్చే శనివారం జిల్లా నుంచి పెద్ద మేడం వస్తారు. పది నిమిషాలు ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడాలి. ఇంకొక అమ్మాయి కూడా వస్తోంది, జగదల్‌పూర్లో డిగ్రీ చేసింది. ఇద్దరిలో ఒకరిని తీసుకుంటారు.

"నా వల్ల కాదు మేడం."

"పిల్ల చెవిలో చెప్పినావు కదా? పెద్ద మేడానికీ రెండు చెవులే ఉంటాయి. పేరు రాసేస్తన్నాను."

ఇంటికి సైకిల్ తొక్కుతూ దారంతా అదే ఆలోచన. ఈ పని దొరికితే వచ్చే ఏడు మిర్చికి పోనక్కరలేదు. అంతకంటే, మూడేళ్లుగా డైరీలో దాచినవన్నీ పైకి అనడానికి ఒక చోటు, వినడానికి ముప్పైమంది పిల్లలు. దొరక్కపోతే మళ్లీ దూడే. నాకు ఇంత గట్టిగా ఒకటి కావాలనిపించడం అదే మొదటిసారి. ఎవరితోనైనా చెబుదామంటే, తీరా దొరక్కపోతే అడిగి లేదనిపించుకున్నట్టు అవుతుందని భయం.

ఆ వారమంతా నన్ను నేను పరిచయం చేసుకునే పాఠం కంఠతా పట్టాను. మై నేమ్ ఈజ్ దగ్గర మొదలుపెట్టి నా అలవాట్లు, నా ఆశయం, మీకు ధన్యవాదాలు దాకా. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా డైరీలో గుర్తు పెట్టుకున్నాను. దూడకు వినిపించాను. ఆశయం దగ్గరికి వచ్చేసరికి అది లేచి వెళ్లిపోయింది. ఆ భాగం తగ్గించాను.

శనివారం పొద్దున అవ్వ మోదుగాకులో అన్నం, చింతచిగురు కూర కట్టి ఇచ్చింది. ఇంకో పొట్లంలో ఇప్పపువ్వు వేయించి నువ్వులతో దంచిన ముద్దలు. హాస్టల్లో పని ఉందని మాత్రం చెప్పాను.

"గంత పొద్దుగాల ఏం పనే?"

"మేడం పిలిచింది."

"ఐతే ముద్దలు ఇంకో రెండు పెడత ఆగు."

పెద్ద మేడం పదింటికి రావాలి. పన్నెండు దాటినా రాలేదు. జగదల్‌పూర్ అమ్మాయి నా పక్కనే వరండాలో కూర్చుంది. మంచి అమ్మాయి. నాకు నీళ్ల సీసా ఇచ్చి హిందీలో కబుర్లు చెప్పింది. ఒంటిగంటన్నరకు దుమ్ము కొట్టుకున్న జీపు వచ్చింది. మా పిన్ని వయసు ఆవిడ ఒకరు దిగి, మొహం కూడా కడుక్కోకుండా లోపలికి వెళ్లారు. ముందు ఆ అమ్మాయిని పిలిచారు.

కిటికీలోంచి అంతా వినబడింది. ఆ అమ్మాయి ఇంగ్లీషు వాగులో నీళ్లలా పోతోంది. ఎక్కడా రాయి లేదు. నా పాఠంలో ఉన్న మాటలే, కానీ అవి ఆమె నోట్లో పుట్టినట్టున్నాయి. లేచి సైకిల్ దగ్గరికి వెళ్లాను. హ్యాండిల్ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇంటికి వెళ్లి అవ్వకు పని అయిపోయిందని చెప్పడం ఎంత తేలికో అనిపించింది. సంచి బుట్టలో పెట్టి సైకిల్ గేటు వైపు తిప్పాను.

పెద్ద మేడం నా ఎదురుగా ఉన్నారు. ఆ అమ్మాయితో మాట్లాడటం అయిపోయి బయటికి వచ్చి ఎటో చూస్తూ నడుస్తున్నారు. ఆమె వెనక మా వార్డెన్ మేడం నన్ను చూపించి ఏదో అంటోంది. ఆమె ఆగారు. మొహం వాడిపోయి ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా వంక చూసి ఎదురుచూశారు.

నా పాఠం పోయింది. మై నేమ్ ఈజ్ కూడా పోయింది. నోరు తెరిస్తే వచ్చింది ఇదీ:

"వేర్ ఆర్ యూ గోయింగ్? హావ్ యూ ఈటెన్?"

వార్డెన్ మేడం నుదురు కొట్టుకోవడం కనబడింది.

పెద్ద మేడం నవ్వలేదు. ఒక్క క్షణం నన్ను చూసి, చిన్నగా, "నో" అన్నారు. పొద్దున్నించీ ఏమీ తినలేదని, నీళ్లెక్కడున్నాయో చూడటానికి వెళ్తున్నానని ఇంగ్లీషులోనే చెప్పారు. నాకు మొత్తం అర్థమైంది! నేనడిగినదానికి ఒక మనిషి జవాబు చెప్పింది, ఆ జవాబు నాకు తెలిసింది. ఆ సంతోషంలో భయం గుర్తు రాలేదు. తినలేదని ఎవరైనా అంటే మా ఊళ్లో తరువాత చేసేది ఒకటే.

"కమ్," అన్నాను. "సిట్. ఈట్."

బుట్టలోంచి సంచి తెచ్చి వరండా మెట్ల మీద మోదుగాకు విప్పాను. ఆమె నిజంగానే కూర్చున్నారు. అన్నం సగం అయ్యాక ఇప్పపువ్వు ముద్ద చేతిలోకి తీసుకుని ఇదేమిటని అడిగారు. పుస్తకంలో లేని పువ్వు. ఖాళీగా ఉంచిన పేజీ. ఉన్న మాటలతోనే చెప్పాను. ఇది ఒక పువ్వు. తెల్లవారుజామున రాలుతుంది. ఎండ రాకముందు ఏరుతాం. మా అవ్వ చేసింది. అందరికంటే ఎక్కువ తినేది మాత్రం మా దూడ. ఆమె అప్పుడు నవ్వారు. ఏ కాలేజీలో నేర్చుకున్నావని అడిగారు. కాలేజీ కాదు, రైల్వే స్టేషన్ పాఠం ఉన్న పుస్తకంలో అన్నాను. రైలు ఎక్కావా అన్నారు.

"నో మేడం. ద ట్రైన్ ఈజ్ రన్నింగ్ లేట్."

అది నేను వేసిన మొదటి ఇంగ్లీషు జోకు. అనేశాకే జోకని తెలిసింది. ఆమెకు ముద్ద అడ్డం పడేంత నవ్వొచ్చింది. స్తంభాల వెనక నక్కి చూస్తున్న పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. వాళ్లలో ఒక బుడ్డది ధైర్యం చేసి ముందుకొచ్చి, "హావ్ యూ ఈటెన్?" అని మేడాన్ని అడిగి పారిపోయింది. తరువాత ఇంకొకతి. జీపు కదిలేదాకా అందరూ ఆమెను అదే అడిగారు. ఆమె అందరికీ "యెస్, యెస్" అని జవాబు చెప్పారు.

జీపు వెళ్లాక వార్డెన్ మేడం నా చెవి పట్టుకుంది. "పెద్ద మేడాన్ని పట్టుకుని ఎక్కడికెల్తన్నారని అడుగుతావేటమ్మా, బస్సు కండక్టర్లాగ? టికెట్టొకటి కొట్టాల్సింది!"

ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. ఇప్పపువ్వు రాలడం ఆగిపోయింది. మామిడికాయల పండుగ అయింది, కాయలు కొరికాం. ఆదివారం చెల్లిని చూడబోతే మేడం గేటు దగ్గరే ఆపింది.

"జూన్లో పెట్టె సర్దుకుని వచ్చేయ్."

"ఆ అమ్మాయి నాకంటే చాలా బాగా మాట్లాడింది మేడం," అన్నాను.

"మాట్లాడింది, కాదన్లేదు. పిల్లల దగ్గర ఉండనన్నాది. నువ్వేమో అడక్కుండానే అన్నం పెట్టేసినావు. పిల్లలు చూడు, ఆ రోజు నుంచి కనబడ్డోడినల్లా తిన్నారా తిన్నారా అని పీక్కు తింటన్నారు. పాలాయనైతే ఇటు రావడమే మానేసినాడు!"

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరూ లేని చోట సైకిల్ దిగి, నాకొచ్చిన మాటలన్నీ అడవికి వినబడేలా అరిచాను. బబుల్స్‌తో సహా.

జూన్లో మొదటి వాన పడ్డ మరునాడు బయల్దేరాను. రేకు పెట్టె సైకిల్ వెనక కట్టాను. బట్టల అడుగున మూడు డైరీలు. అవ్వ మోదుగాకు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంటి పక్కన దూడ కొత్త గడ్డి కొరుకుతోంది. ఎవరూ చూడకుండా దానికి చెప్పిపోదామని అటు అడుగు వేసి, అవ్వ చూస్తోందని ఆగిపోయాను. అవ్వ దూడ వంక చూసింది, నా వంక చూసింది. పళ్లు లేని నోటితో నవ్వింది.

"నువ్వు పోతే దానితోని ఎవలు మాట్లాడాలె బిడ్డా? పొద్దుగాల విని విని దానికి అలవాటైంది. ఆ రెండు ముక్కలు నాకు నేర్పిచ్చి పో."